శుభం కార్డు పడ్డాక బతకడానికి ఎంత కావాలి?

"సినిమాల్లో చేరాలంటే ఏం చెయ్యాలి?"

సినిమా పత్రికలకు వచ్చే ఉత్తరాల్లో ఏనాటి నుంచో ఈ ప్రశ్నదే పెద్దపీట. ఫొటోలు ఎవరికి పంపాలి, ఏ దర్శకుణ్ణి కలుసుకోవాలి, కృష్ణానగర్‌లో గది అద్దె ఎంత... ఇలా సాగిపోతాయి ఆ ఉత్తరాలు. కాని "వేషాలు ఆగిపోయాక బతకడం ఎలా? అందుకు ఎంత దాచుకోవాలి?" అని అడిగే పాఠకుడు మాత్రం కనబడడు!

అందులో వింతేముంది లెండి! ఇరవై ఏళ్ల వయసులో అరవై అనేది ఎవరో తాతయ్యగారి అంకె. మొదటి ఆటకు టిక్కెట్టు దొరుకుతుందా లేదా అన్నదే అప్పుడు జీవన్మరణ సమస్య. అయితే ఒక్క మాట. సినిమాకు ఇంటర్వెల్ వున్నట్టే బతుక్కీ ఇంటర్వెల్ వుంది. సంపాదన వున్నంత కాలం ఫస్టాఫ్. సంపాదన ఆగిన మర్నాటి నుంచి సెకండాఫ్. ఫస్టాఫ్ ఎంత బ్రహ్మాండంగా నడిచినా, సెకండాఫ్ తేలిపోతే జనం ఏమంటారో మీకు వేరే చెప్పాలా?

మన చిత్రసీమ చరిత్రలో అలాంటి సెకండాఫ్‌లు ఒకటీ రెండూ కావు.

వెండితెర వెనుక కన్నీళ్లు

చిత్తూరు వి. నాగయ్య పేరు చెబితే మన పెద్దలు ఇప్పటికీ చేతులు జోడిస్తారు. 1946లో "త్యాగయ్య", 1947లో "యోగి వేమన". ఆ రోజుల్లో దక్షిణాదిన అత్యధిక పారితోషికం అందుకున్న నటుల్లో ఆయన ఒకరు. 1965లో పద్మశ్రీ వచ్చింది. గుమ్మంలోకి వచ్చినవాణ్ణి ఉత్త చేతులతో పంపించడం ఆయనకు తెలియదు. సొంత చిత్రాలూ తీశారు. 1964లో వచ్చిన "రామదాసు" కూడా ఆయన తీసిందే. అంతటి మహానుభావుడు చివరి రోజుల్లో చిన్న చిన్న వేషాల మీద ఆధారపడి, ఆర్థికంగా ఇబ్బందులు పడి, 1973 డిసెంబరు 30న కన్నుమూశారు.

సావిత్రి సంగతి మీకు తెలిసిందే. 2018లో వచ్చిన "మహానటి" చూసి కన్నీళ్లు పెట్టుకోని కుర్రకారు వున్నారా? "దేవదాసు", "మిస్సమ్మ", "మాయాబజార్"... ఆ పదేళ్లలో ఆమెకు ఎదురే లేదు. 1968లో "చిన్నారి పాపలు"తో దర్శకురాలయ్యారు. సొంత చిత్రాలు దెబ్బతీశాయి. ఆదాయపు పన్ను బాకీలు మీద పడ్డాయి. ఏడాదిన్నరకు పైగా స్పృహ లేకుండా పడివుండి, 1981 డిసెంబరు 26న ఆమె వెళ్లిపోయారు.

కత్తి పట్టిన వీరుడిగా కాంతారావు ఎన్ని జానపదాల్లో రాజ్యాలు గెలిచారో! సొంత చిత్రాలు తీసి వున్న ఆస్తులు పోగొట్టుకున్నారు. 2009 మార్చిలో మరణించే నాటికి ఆయనకు నిజ జీవితంలో రాజ్యం లేదు.

వీళ్లు తాహతుకు మించి తిని తగలేసినవారు అనుకుంటే అది పొరపాటు. వీళ్లు కష్టపడ్డారు, సంపాదించారు, పదిమందికీ పెట్టారు. వచ్చిన చిక్కల్లా ఒక్కటే. ముసలితనానికని పక్కన వుండవలసిన డబ్బును విడిగా లెక్కకట్టి పెట్టుకోలేదు. ఉన్నదంతా ఒకే సంచీలో వుంది. అదే సంచీలోంచి దానం, అదే సంచీలోంచి సొంత సినిమా, అదే సంచీలోంచి ఇంటి ఖర్చు. సినిమా పోతే సంచీ పోయింది.

దీనికి ఎదురుగా శోభన్‌బాబును చూడండి. అందాల నటుడన్న పేరుతో పాటు ఇంకో పేరు కూడా ఆయనకు వుంది, "లెక్క తెలిసినవాడు" అని. ఆదివారం షూటింగు లేదు, సాయంత్రం ఆరు దాటితే మేకప్ తీసేయడమే. వచ్చిన పారితోషికంతో మద్రాసులో స్థలాలు కొన్నారు. డబ్బు నేల మీద పెట్టండయ్యా అని తోటి నటులకు చెబుతుండేవారని చిత్రసీమలో అందరూ అంటారు. 1990ల మధ్యలో, ఎవరూ పొమ్మనకముందే తానే నటనకు స్వస్తి చెప్పి ఇంటిపట్టున వుండిపోయారు. 2008లో మరణించేదాకా ముసలి తండ్రి వేషం వెయ్యమని ఎవరు అడిగినా "వద్దు" అనగలిగారు.

ఆ "వద్దు" అనగలగడం వుంది చూశారూ... దాని ఖరీదు ఎంత? అదే ఇవాళ్టి మన లెక్క.

ఒక కుర్రాడి ఖర్చుల చిట్టా

ఒక కుర్రాణ్ణి అనుకుందాం. వయసు 25. ఏలూరు నుంచి వచ్చి హైదరాబాదులో అసిస్టెంట్ ఎడిటర్‌గా పనిచేస్తున్నాడు. పేరు మీ ఇష్టం, మీ పేరే పెట్టుకున్నా సరే! అతని నెల ఖర్చు ఇదీ.

గదిలో తన వాటా అద్దె 6,000. తిండి 6,000. పెట్రోలు, బస్సు కలిపి 2,000. ఫోను, సినిమాలు 1,500. ఊళ్లో అమ్మకు పంపేది 3,000. బట్టలూ, మందులూ, చిల్లర మల్లర 1,500. మొత్తం 20,000.

"అన్నా, రిటైరయ్యాక నాకు ఎంత కావాలంటావ్?" అని అతను టీ కొట్టు దగ్గర తన సీనియర్‌ని అడిగాడనుకోండి.

"కోటి వుంటే చాల్రా" అంటాడు సీనియర్. పక్కనున్న కెమెరా అసిస్టెంటు "కోటి ఏ మూలకి? ఐదు కోట్లు వుండాలి" అంటాడు. టీ పోసే ఆయన "కొడుకులుంటే ఏమీ అక్కర్లేదు బాబూ" అంటాడు.

ముగ్గురూ గాలిలో రాళ్లు విసురుతున్నారు. ఎందుకంటే కుర్రాడి నెల ఖర్చు ఎంతో ఏ ఒక్కరూ అడగలేదు. అసలు కిటుకు అక్కడే వుంది. సెకండాఫ్‌కు కావలసిన డబ్బు మీ జీతం మీద ఆధారపడదు, మీ ఖర్చు మీద ఆధారపడుతుంది. లక్ష సంపాదించి లక్షా ఖర్చు పెట్టేవాడికి కావలసింది, ముప్పై వేలు సంపాదించి ఇరవై ఖర్చు పెట్టేవాడికి అక్కర్లేదు.

అరవై ఏళ్ల వయసులో ఈ చిట్టా ఎలా మారుతుంది? పనికి వెళ్లే పెట్రోలు తగ్గుతుంది. ఆ డబ్బు ఆస్పత్రికి వెళ్లే ఆటోకి పోతుంది. అమ్మకు పంపే 3,000... ఆ మాట రాయడానికి కలం ఆడదు గాని, ఆ రోజుకు అది తన మందుల ఖర్చు అవుతుంది. మొత్తం మీద అదే ఇరవై వేలు అనుకుందాం.

360 అనే మంత్రం

ఇప్పుడు చిన్న గుణకారం. అరవైకి పని ఆగిపోతుంది. తొంభై దాకా బతుకుతాడని పెట్టుకుందాం. "అంతకాలమా?" అనకండి. డెబ్బైకే పోతామని లెక్కవేసి ఎనభై అయిదు దాకా బతికితే, ఆ చివరి పదిహేనేళ్లు ఎవరు పోషిస్తారు? ఆయుష్షు విషయంలో తక్కువ అంచనా వేసుకోవడం అంత ప్రమాదం మరొకటి లేదు.

అంటే 30 ఏళ్లు. ఏడాదికి 12 నెలలు. మొత్తం 360 నెలల ఖర్చు. బాంకులోనో మరోచోటో వున్న డబ్బు ధరలు పెరిగినంత వేగంగా పెరుగుతూ వుంటే, సరిగ్గా 360 నెలల ఖర్చు చేతిలో వుంటే చాలు.

కాబట్టి మీ నెల ఖర్చును 360తో గుణించండి. మన కుర్రాడికి 20,000 ఇంటూ 360... 72 లక్షలు. ఇదీ అతని అంకె!

ఈ లెక్కలోనే ఇంకో నీతి దాగివుంది. నెల ఖర్చులో ప్రతి వెయ్యి రూపాయలకూ 3 లక్షల 60 వేలు దాచాలి. నెల నెలా వెయ్యి రూపాయల కొత్త అలవాటు చేసుకున్నప్పుడల్లా, "దీని సెకండాఫ్ ఖరీదు 3.6 లక్షలు" అని గుర్తుంచుకోండి. అలవాటు మానమని ఎవరూ అనరు. ఖరీదు తెలిసి చేసుకోమంటున్నాం.

అమెరికాలో విలియం బెంగెన్ అనే ఆర్థిక సలహాదారు 1994లో ఇలాంటి లెక్కే వేశాడు. అక్కడి షేర్లు, బాండ్ల పాత చరిత్ర అంతా తిరగేసి, దాచిన మొత్తంలో మొదటి ఏడాది 4 శాతం తీసుకుని, ఆ తర్వాత ధరలతో పాటు పెంచుకుంటూ పోతే కనీసం 30 ఏళ్లు డబ్బు నిలిచిందని తేల్చాడు. అంటే ఏడాది ఖర్చుకు 25 రెట్లు. కాని అది అమెరికా మార్కెట్ల చరిత్ర. మన ధరలు వేరు, మన వడ్డీలు వేరు. అందుకని 25కు బదులు 30 రెట్లు పెట్టుకుంటే కాస్త నిశ్చింత. మన 360 అదే.

ధరలు అనే విలన్

"ఆగండాగండి! ముప్పై అయిదేళ్ల తర్వాత ఇరవై వేలకు ఏమొస్తుంది?" అని అడుగుతున్నారు కదూ? శభాష్! కథలోకి విలన్ ప్రవేశించాడు.

ఈ విలన్ కత్తులు దూయడు, గన్నులు పేల్చడు. పక్కనే కూర్చుని నవ్వుతూ మీ జేబు కత్తిరిస్తాడు. ఏడాదికి 6 శాతం చొప్పున ధరలు పెరుగుతాయనుకోండి. రిజర్వు బాంకు 2016 నుంచి పెట్టుకున్న లక్ష్యం 4 శాతమే గాని, మనం జాగ్రత్తకు 6 అనుకుందాం. 72ను 6తో భాగిస్తే 12. అంటే పన్నెండేళ్లకోసారి ధరలు రెట్టింపు! ఇవాళ 200 రూపాయల టిక్కెట్టు 30 ఏళ్లకు సుమారు 1,150 అవుతుంది. కుర్రాడి 20,000 ఖర్చు, 35 ఏళ్లకు నెలకు లక్షా 53 వేల పైచిలుకు అవుతుంది. దాన్ని 360తో గుణిస్తే దాదాపు అయిదున్నర కోట్లు!

కాబట్టి కోటి అన్నవాడూ ఐదు కోట్లు అన్నవాడూ ఇద్దరూ అబద్ధం ఆడలేదు. ఒకడు ఇవాళ్టి రూపాయల్లో చెప్పాడు, ఇంకొకడు రేపటి రూపాయల్లో చెప్పాడు. అయిదున్నర కోట్లు అని వినగానే గుండె జారి, "అయ్యే పని కాదులే" అని లెక్క కాగితం చించి పారేస్తారు కుర్రవాళ్లు. అందుకే ఒక సూత్రం పెట్టుకోండి. ఎప్పుడూ ఇవాళ్టి రూపాయల్లోనే ఆలోచించండి. ఏటా ఉగాదికో పుట్టినరోజుకో కొత్త ఖర్చును మళ్లీ 360తో గుణించండి. వచ్చే ఏడాది ఖర్చు 21,200 అయితే అంకె 76 లక్షల 32 వేలు అవుతుంది. విలన్ ఎంత దూరం వచ్చాడో మీకు ప్రతి ఏడూ తెలుస్తూనే వుంటుంది.

ఈ విలన్‌ను పట్టించుకోకపోతే ఏమవుతుందో చూడండి. అరవై నిండినవారికి పోస్టాఫీసుల్లో, బాంకుల్లో సీనియర్ సిటిజన్ల పొదుపు పథకం వుంది. 2023 ఏప్రిల్‌లో దాని పరిమితి 30 లక్షలకు పెంచారు, వడ్డీ 8.2 శాతం చేశారు. ఆ వడ్డీ ప్రకారం 30 లక్షల మీద ఏడాదికి 2 లక్షల 46 వేలు, నెలకు 20,500. "ఇంకేం! 72 లక్షలెందుకు? 30 చాలుగా!" అనిపిస్తుంది.

అక్కడే పప్పులో కాలు! అరవై ఏళ్లప్పుడు ఆ 20,500తో ఇల్లు గడుస్తుంది. డెబ్బై రెండేళ్లకు ధరలు రెట్టింపు. చేతికొచ్చేది అదే 20,500, విలువ మాత్రం పదివేలు. ఎనభై నాలుగేళ్లకు దాని విలువ అయిదు వేలు. వడ్డీ అంతా తినేస్తే అసలు పెరగదు. ఆ వడ్డీ రేటు కూడా ఎల్లకాలం వుంటుందని ఎవరు హామీ ఇస్తారు? మంచి పథకమే, కాదనడం లేదు. కాని వడ్డీలో కొంత మళ్లీ అసలులో కలుపుకుంటూ పోతేనే సెకండాఫ్ చివరి రీలు దాకా నడుస్తుంది.

నెలకు ఎంత వెయ్యాలి?

అంకె తెలిసింది. మరి అక్కడికి చేరడం ఎలా?

దాచిన డబ్బు ధరల కంటే ఏటా 2 శాతం ఎక్కువగా పెరుగుతుందనుకుందాం. కొంత ప్రావిడెంట్ ఫండు లాంటి స్థిరమైన వాటిలోనూ, కొంత షేర్లున్న ఫండ్లలోనూ పెట్టేవాడికి అది ఆశించదగ్గ అంచనాయే గాని, హామీ కాదు. ఏటా వేసే మొత్తాన్ని కూడా ధరలతో పాటు పెంచుకుంటూ పోవాలి.

25వ ఏట మొదలుపెడితే నెలకు 12,000. 35వ ఏట మొదలుపెడితే ఇవాళ్టి రూపాయల్లో నెలకు 18,700. 45వ ఏట మొదలుపెడితే 34,700!

చూశారా? అదే మనిషి, అదే 72 లక్షలు. ఆలస్యానికి పడిన జరిమానా ఇది. పాతికేళ్ల వయసులో మొదలుపెట్టినవాడు తన చెమటతో వేసేది 50 లక్షల 40 వేలు. మిగతా 21 లక్షల 60 వేలు కాలం అతనికిచ్చిన కూలి. నలభై అయిదేళ్లవాడికి కాలం అంత కూలి ఇవ్వదు, ఇవ్వడానికి దాని దగ్గర టైం లేదు.

"నాకొచ్చేదే ఇరవై మూడు వేలు, పన్నెండు వేలు ఎక్కణ్ణుంచి తేను?" అంటాడు కుర్రాడు. న్యాయమైన ప్రశ్నే. అయితే 3,000తో మొదలుపెట్టు తమ్ముడూ! ధరలతో పాటు పెంచుకుంటూ 35 ఏళ్లు వేస్తే ఇవాళ్టి విలువలో 18 లక్షలు. అంటే ముసలితనంలో నెలకు 5,000. అన్నం ఖర్చు దాదాపు వచ్చేసినట్టే! జీతం పెరిగినప్పుడల్లా పెరిగినదాంట్లో సగం దీనిలో కలుపు. సగంతో జల్సా చెయ్యి, ఎవరు వద్దన్నారు?

ఆఫీసు ఉద్యోగంలో వున్నవారికి కొంత పని జీతం చీటీలోనే జరిగిపోతోంది. ప్రావిడెంట్ ఫండు కింద మూల వేతనం, కరువు భత్యం మీద ఉద్యోగి 12 శాతం, యజమాని 12 శాతం వేస్తారు. అది మీ 12,000లో భాగమే. ఉద్యోగం మారినప్పుడల్లా దాన్ని విత్‌డ్రా చేసి ఫోను కొనుక్కోకపోతే చాలు!

సినిమా పని లాంటి వాటిలో ఆ సౌకర్యం అందరికీ దొరకదు. 1968లో వచ్చిన పబ్లిక్ ప్రావిడెంట్ ఫండులో ఎవరైనా చేరవచ్చు. 15 ఏళ్ల గడువు, ఏడాదికి లక్షన్నర దాకా వెయ్యొచ్చు. 2009 మే 1 నుంచి జాతీయ పెన్షన్ పథకం కూడా ప్రభుత్వోద్యోగులకే కాక అందరికీ తెరిచారు. ఇక 2015లో వచ్చిన అటల్ పెన్షన్ యోజన. 18 నుంచి 40 ఏళ్ల లోపు, ఆదాయపు పన్ను కట్టనివారు చేరవచ్చు. 25వ ఏట చేరి నెలకు 376 రూపాయలు కడితే అరవై తర్వాత నెలకు 5,000 పింఛను.

"అమ్మయ్య, అయిదు వేలు ఖాయం!" అని చంకలు గుద్దుకోకండి. అవి రేపటి రూపాయలు. 35 ఏళ్ల తర్వాతి 5,000 విలువ, మన 6 శాతం లెక్కన, ఇవాళ్టి 650 రూపాయలు. చేరవద్దని కాదు, తప్పక చేరండి. కాని దాంతోనే అంతా అయిపోయిందనుకుంటే అది హీరో పక్కన నిలబడ్డ స్నేహితుణ్ణే హీరో అనుకోవడం లాంటిది!

పదేళ్ల హీరోకి వేరే లెక్క

గుమస్తాకు 35 ఏళ్ల సంపాదన, 30 ఏళ్ల విశ్రాంతి. మరి నటుడికి? డాన్సరుకు? ఫైటరుకు?

25వ ఏట వెలిగి 35కు వెలుగు తగ్గిందనుకుందాం. 85 దాకా బతికితే పదేళ్ల సంపాదన, యాభై ఏళ్ల ఖర్చు! డబ్బు ధరలతో సమానంగా మాత్రమే పెరిగితే, సంపాదించే ఒక్కో ఏడాదిలో అయిదేళ్ల ఖర్చు పక్కన పెట్టాలి. అంటే పన్నులు పోగా చేతికొచ్చిన ప్రతి ఆరు రూపాయల్లో ఒక్క రూపాయి మీద బతకాలి, అయిదు రూపాయలు దాచాలి.

ఆరు రూపాయలొస్తే ఆరూ తనవే అనుకున్న చోటే మన తారల కథలు దారి తప్పాయి. కొత్త కారు, పెద్ద మేడ, చుట్టూ పదిమంది పరివారం... తారకు ఇవన్నీ అవసరమేనంటారు. నిజమే కావచ్చు. కాని తార పడిపోయిన రోజున మేడకు పన్ను ఆగదు, పరివారమే ఆగిపోతుంది.

అందుకని శోభన్‌బాబు నుంచి నేర్చుకోవలసింది స్థలాలు కొనమని మాత్రమే కాదు. అందరికీ మద్రాసులో స్థలాలు దొరకవు, కొన్న ప్రతి స్థలమూ పెరగదు. నేర్చుకోవలసింది రెండు సంచీలు పెట్టుకోవడం. సెకండాఫ్ సంచీ వేరు, మిగతా సంచీ వేరు. సొంత సినిమా తీయాలనిపిస్తే, దానం చెయ్యాలనిపిస్తే, చెల్లెలి పెళ్లి బ్రహ్మాండంగా చెయ్యాలనిపిస్తే, రెండో సంచీలోంచి ఎంతైనా తియ్యండి. మొదటి సంచీకి మాత్రం తాళం.

సొంత ఇల్లు, ఆపత్కాలం

మన కుర్రాడి 20,000లో అద్దె 6,000. అరవై నాటికి అప్పు లేని సొంత గూడు వుంటే ఖర్చు 14,000కు దిగుతుంది. అంకె 72 లక్షల నుంచి 50 లక్షల 40 వేలకు దిగుతుంది. మరమ్మతులూ, ఇంటి పన్నూ వుంటాయనుకోండి. అయినా ముసలితనంలో ఇంటి యజమాని తలుపు కొట్టడన్న ధైర్యం చిన్నదా? మన సినీ కార్మికుల కోసం ఇళ్ల కాలనీ వుండాలని నటుడు డాక్టర్ ఎం. ప్రభాకర్‌రెడ్డి పట్టుబట్టింది ఇందుకే. మణికొండ దగ్గర చిత్రపురి కాలనీకి ఆయన పేరు పెట్టుకున్నారు.

ఇంకొకటి. సెకండాఫ్ సంచీకి చిల్లుపడేది ఎక్కువగా ఫస్టాఫ్‌లోనే. 2020 మార్చిలో కరోనా వచ్చి షూటింగులు నెలల తరబడి ఆగిపోయాయి. కార్మికులకు నిత్యావసర సరుకులు అందించడానికి చిరంజీవి ఆధ్వర్యంలో కరోనా క్రైసిస్ చారిటీ పెట్టవలసి వచ్చింది. 2022 ఆగస్టులో నిర్మాతలే షూటింగులు ఆపేశారు. 2025 ఆగస్టులో వేతనాల పెంపు కోసం కార్మికులు సమ్మె చేస్తే రెండు వారాలకు పైగా లైట్లు వెలగలేదు. అయిదారేళ్లలో మూడుసార్లు! అలాంటప్పుడు ముసలితనం డబ్బు మీద చెయ్యి పడకుండా వుండాలంటే, ఆరు నెలల ఖర్చు విడిగా బాంకులో వుండాలి. మన కుర్రాడికి అది లక్షా 20 వేలు. నిజానికి ముందు కూడబెట్టవలసింది అదే.

ఆస్పత్రి కూడా అంతే. 2024 అక్టోబరులో ఆయుష్మాన్ భారత్ కింద 70 ఏళ్లు దాటిన వారందరికీ, ఆదాయంతో నిమిత్తం లేకుండా, కుటుంబానికి ఏటా 5 లక్షల దాకా చికిత్స సదుపాయం కల్పించారు. అరవై, డెబ్బై మధ్య పదేళ్లకు, అంతకు ముందు వయసుకు ఆరోగ్య బీమా మీరే చూసుకోవాలి.

"మూడేళ్లలో మీ డబ్బు రెట్టింపు" అని చెవిలో ఊదేవారు కూడా వస్తారు జాగ్రత్త! ఇందాకటి 72 మంత్రమే వేసి చూడండి. మూడేళ్లలో రెట్టింపు అంటే ఏడాదికి 24 శాతం. పోస్టాఫీసు ఎనిమిది ఇస్తుంటే ఇతను ఇరవై నాలుగు ఎక్కణ్ణుంచి తెస్తాడు? మీ తర్వాత చేరబోయే అమాయకుడి జేబులోంచే!

కొడుకే పింఛనా?

టీ కొట్టు ఆయన మాట మిగిలింది. "కొడుకులుంటే ఏమీ అక్కర్లేదు."

మన ఇళ్లల్లో ఈ మాట నూటికి నూరుపాళ్లు నమ్మినవారు ఎందరో. వారిలో మీ అమ్మానాన్నలూ వుండొచ్చు. మీ చదువుకు, అక్కయ్య పెళ్లికి సంచీ ఖాళీ చేసి, "వాడున్నాడుగా" అని నిశ్చింతగా కూర్చున్నవారు. తల్లిదండ్రుల పోషణకు 2007లో చట్టమే వచ్చింది. కాని అన్నం పెట్టమని చట్టం చెప్పవలసి రావడం ఏ తండ్రికి సంతోషం?

అందుకని ఈ ఆదివారం ఒక పని చెయ్యండి. మాట్నీకి వెళ్లే ముందు నాన్నగారి పక్కన కూర్చోండి. "నాన్నా, ఇంటి ఖర్చు నెలకు ఎంతవుతోంది? మీకు పింఛను వస్తుందా? ఎంత దాచారు?" అని నెమ్మదిగా అడగండి. మొదట "నీకెందుకురా?" అంటారు. రెండోసారి అడిగితే బీరువాలోంచి పాత పాసుపుస్తకాలు తీస్తారు. అప్పుడు నెల ఖర్చును, వారి ముందున్న నెలల సంఖ్యతో గుణించి చూడండి. తక్కువ పడితే మీ చిట్టాలో అమ్మకు పంపే 3,000 పక్కన ఇంకో అంకె రాసుకోవలసి వుంటుంది. అది భారం కాదు. ముందే తెలిస్తే లెక్క, తెలియకపోతేనే భారం.

ఆ తర్వాత అదే కాగితం వెనక మీ ఖర్చు రాయండి. 360తో గుణించండి. వచ్చిన అంకె చూసి భయపడకండి. దాని కింద ఈ నెల ఎంత పక్కన పెట్టగలరో రాయండి. అయిదు వందలైనా సరే.

నాగయ్యగారికీ సావిత్రిగారికీ ఈ కాగితం ముక్క ఎవరూ రాసివ్వలేదు. తెర మీద వారిని చూసి మనం ఏడ్చాం, నవ్వాం, టిక్కెట్టు కొన్నాం. వారి బతుకుల నుంచి ఈ ఒక్క లెక్క నేర్చుకుంటే వారికి చెల్లించవలసిన బాకీలో కొంతైనా తీరుతుంది.

ఇంతకీ మీ అంకె ఎంత వచ్చింది?